నాలుగు చేతుల ఉప్పు

దసరా నాడు కూడా కూర బాగుంది. ఆదివారాలన్నీ బాగున్నాయి. బడికి తాళం వేసి ఉన్న మే నెలలో ఒక గురువారం సాంబారు సైతం 'బాగుంది'. పక్కన పొడి సంతకం.

సుమ నవ్వు ఆపుకోలేక రిజిస్టరును మొహానికి అడ్డం పెట్టుకుంది. పెళ్లయి నలభై రోజులు. ఈ మధ్య ఆమెకు ఏది చూసినా నవ్వే. కల్యాణ్ హెల్మెట్ పెట్టుకుని అద్దంలో చూసుకున్నా నవ్వే, భూపాలపల్లి బస్టాండులో కండక్టరు 'ఘనపూర్, ఘనపూర్' అని రాగం తీసినా నవ్వే. కాంట్రాక్టు టీచరుగా ఈ బడిలో చేరి ఇది నాలుగో రోజు.

"నవ్వుడెందుకమ్మా? గిది రుచి రిజిస్టరు. నాకు అల్సరు. ఆరేండ్ల సంది మజ్జిగన్నమే తింటున్న," అన్నాడు హెడ్మాస్టరు డేవిడ్ సార్. "పిల్లలకంటే ముందు టీచరు తిని సూడాలె, రాయాలె. ఇంకనుంచి నువ్వే రాయి. బాగుందని రాసి సంతకం పెట్టు, అయిపాయె."

"తినకుండ ఎట్ల రాసుడు సార్?"

"తిని రాయమ్మా, ఎవరొద్దన్నరు? కని బాగలేదని మాత్రం రాయకు. కాయితం కదిలితే మనుషులు కదుల్తరు."

ఆ చివరి మాట సుమ చెవిన పడలేదు. అప్పటికే గంటె మోత వినిపించే వైపు నడుస్తోంది.

వంటగది అంటే మూడు గోడలు, పైన రేకులు, రెండు కట్టెల పొయ్యిలు. పెద్ద గంజులో సొరకాయ కూర ఉడుకుతోంది. దాని ముందు నీలి నిలబడి ఉంది. నలభై ఐదేళ్లుంటాయి. దంతాలపల్లి దగ్గరి తండాలో పుట్టి, ఇక్కడి తండాకు కోడలుగా వచ్చిన మనిషి. కూరగాయలు కోసి గిన్నెలు తోమే చంద్రమ్మ ఊళ్లో ఆమె. ఈ బడికి తండా పిల్లలూ ఊరి పిల్లలూ కలిసే వస్తారు.

"అక్కా, జర పొయ్యి, రుచి చూస్త," అని సుమ అరచెయ్యి చాపింది.

నీలి ఆ చేతిని, గాజులను, సగం వెలిసిన మైదాకును కాసేపు చూసింది. ఎవరైనా అలా చెయ్యి చాపి ఎన్నాళ్లయిందో. గంటెతో ఒక చుక్క పోసి, ఊదుకోమన్నట్టు తన నోటితోనే గాలి ఊది చూపించింది.

సుమ నాకి, ఇంకోసారి నాకి, ఆలోచించింది. తర్వాత ఆఫీసు గదిలో కూర్చుని గుండ్రటి చేతిరాతతో రాసింది: 'సొరకాయ లేతది. చక్కగా ఉడికింది. ఉప్పు బాగా తక్కువ. కారం లేదు. పలుచగా ఉంది. పిల్లలు సగం పారేశారు.' ఉప్పు దగ్గర కింద గీత కూడా గీసింది. రాసుకున్నది రెండుసార్లు చదువుకుని మురిసిపోయింది. ఆ రిజిస్టరులో మొదటి నిజమైన మాట తనదే.

సాయంత్రం చాయ్ తాగుతూ కల్యాణ్‌కు ఇదంతా అభినయించి మరీ చెప్పింది. కల్యాణ్ బొగ్గు గనిలో ఎలక్ట్రీషియన్. మొహం ఎంత కడిగినా కంటి అంచున కాటుక రేఖలా నలుపు మిగులుతుంది. ఆ నలుపన్నా ఆమెకు ముద్దే.

"ఇంట్ల కూర బాగలేకున్నా గట్లనే రాస్తవా?" అన్నాడు.

"ఇంట్ల వండేది నువ్వే గదా! నీకు మాఫీ." సుమ మోకాళ్ల మీద లేచి కూర్చుంది. "కాదు గని, విను. సర్కారిచ్చేది అదే సొరకాయ, అదే వంకాయ, అదే గుమ్మడికాయ. రోజుకో ఊరి తీరున వండితే పిల్లలు పారేస్తరా? మా అమ్మనడుగుత. మేడ మీద కడప అక్కనడుగుత. పక్కింటి శ్రీకాకుళం పిన్నినడుగుత."

"మా గనిల చంద్రాపూర్ నుంచొచ్చిన మరాఠాయనున్నడు. ఆయన్ను గూడ పట్టుకరావాల్నా?"

"పట్టుకరా!" అంది సుమ నిజంగానే.

బచ్చన్నపేట నుంచి వాళ్లమ్మ ఫోన్‌లో ఒక్క మాటలో తేల్చింది. "సొరకాయల నువ్వుల పొడి ఎయ్యి బిడ్డా. మిరపకాయలు ఏంచి దంచు, పొడి ఆఖర్ల ఎయ్యి. ముందు ఏస్తే చేదు వస్తది."

మంగళవారం పొద్దున్నే దంచిన పొడి డబ్బాతో సుమ బడికి వచ్చింది. నీలి పొడి వాసన చూసి తల ఊపింది. పొయ్యిలోంచి రెండు కట్టెలు వెనక్కి లాగి, సెగ తగ్గించి, పొడిని వేళ్ల సందుల్లోంచి జల్లెడ పట్టినట్టు రాల్చింది. కూర చిక్కబడి, అంచుల్లో నూనె తేలింది. సుమ రుచి చూసింది. అంతా కుదిరింది, ఉప్పు తప్ప.

"మల్ల ఉప్పే తక్కువైందక్కా. కావాల్నంటే నువ్వే చూడు," అని గంటె నీలి చేతి మీద వంచబోయింది.

నీలి కాలిన దానిలా వెనక్కి జరిగింది. మడమ తగిలి కట్టెల మోపు దొర్లింది. "ఒద్దు టీచరమ్మా," అని చేతులు రెండూ కొంగులో చుట్టేసుకుంది.

సుమకు అర్థం కాలేదు. "ఎందుకక్కా? ఉపాసమా?"

చారుకు టమాటాలు కోస్తున్న చంద్రమ్మ కత్తిపీట మీంచి తల ఎత్తలేదు. "ఆమె సూడదు. ఆరేండ్లాయె. కొత్తల ఓ పారి గట్ల అరచేతుల పోసుకొని నాకిందట. మన ఇండ్లల్ల అందరం నాకుతం, కాదా? గని యాకయ్య సూసిండు. లంబాడోల్ల ఎంగిలి మా పోరగాండ్లు తినాల్నా అని పెద్ద పంచాది పెట్టిండు. బడి కమిటీకి పెద్దమనిషాయె. వండేటప్పుడు నోట్ల చుక్క ఏసుకోనని అందరి ముందట ఒట్టు పెట్టిచ్చిండ్రు. సార్ మధ్యల వడి, మేం టీచర్లం రుచి సూస్తం, ఆమె సూడదు, ఇగ ఊకోండ్రి అన్నడు."

సార్ చూడలేదు. ఎవరూ చూడలేదు. సుమ చేతిలోని గంటెలోంచి కూర బొట్లు బొట్లుగా పొయ్యి గట్టు మీద పడుతోంది.

"మరి ఉప్పెట్ల వేస్తవక్కా?"

"పిడికిలి ఎరుక గదా," అంది నీలి. "ఎక్కువైతే తీసేటందుకు రాదు. అందుకే ఒక మూర ఎనుకనే ఉంట. పిల్లలందరు తిన్నంక నేను తింట. గప్పుడు తెలుస్తది, ఇయ్యాల ఉప్పు తక్కువైందని." దొర్లిన కట్టెలు ఒక్కొక్కటే పేర్చుతూ అంది: "తెలిసి ఏం జేద్దు?"

ఆ మధ్యాహ్నం సుమ మొదటిసారి వరండాలో కుడిపక్క కూర్చునే పిల్లలను గమనించింది. పన్నెండు మంది, అందరూ ఊరి పిల్లలే. ఇంటి నుంచి తెచ్చుకున్న డబ్బాలు విప్పుకుని, గోడ వైపు తిరిగి తింటున్నారు. నువ్వుల పొడి వాసనకు అందులో ఒక పాప రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది. ఎడమపక్క పిల్లలు కంచాలు నాకుతున్నారు. సుమ వెళ్లి రిజిస్టరు తెరిచింది. సోమవారం తను గీసిన గీత ఎర్రగా కనిపించింది. కలం నీలిరంగుదే.

బుధవారం యాకయ్య వచ్చాడు. తెల్ల చొక్కా, భుజాన తువ్వాలు, చేతిలో పెద్ద ఫోను. సార్ కుర్చీలో కూర్చుని రిజిస్టరు తిరగేశాడు. సోమవారం దగ్గర ఆగి, వేలితో ఒక్కో అక్షరం వెంట నడిచి చదివాడు. తర్వాత ఫోను ఎత్తి ఫొటో తీశాడు.

"ఆరేండ్ల సంది చెప్తున్న డేవిడ్ సారూ, ఇంటివా? ఎన్నడన్నా రాసినవా? సదువుకున్న బిడ్డ ఒక్క దినంల రాసింది." సుమ వైపు తిరిగాడు. "శాబాష్ బిడ్డా. ఏ ఊరు మనది?"

"బచ్చన్నపేట," అంది సుమ. "కని అది ఆమె తప్పు గాదు. ఆమెను రుచి..."

"రాసింది నువ్వే గద? సంతకం నీదే గద? ఇగ అయిపాయె. మండల ఆఫీసుకు పంపుతున్న. శనివారం ఆడికెల్లి నరేశ్ సార్ తనిఖీకి వస్తడట. ఆయనే తిని చూసి తేల్చుతడు. వంట మనిషిని మార్చుడే."

ఆయన వెళ్లాక డేవిడ్ సార్ కిటికీ తలుపు వేశాడు, మళ్లీ తీశాడు. "పేజీ చింపుదామా?" అన్నాడు మెల్లగా.

"ఫొటో ఉంది కద సార్."

"ఔను," అని సార్ కడుపు పట్టుకుని కూర్చున్నాడు.

ఆ సాయంత్రం సుమ చాయ్‌లో చక్కెర రెండుసార్లు వేసింది. గాజులు పైకీ కిందికీ జరుపుతూనే ఉంది. గదిలో ఈ మూల నుంచి ఆ మూలకు తిరిగింది. కిటికీలో ఎండేసిన కల్యాణ్ చొక్కా తీసి మడిచి, విప్పి, మళ్లీ మడిచింది.

"నువ్వు రాసింది కూర మీద," అన్నాడు కల్యాణ్ చాయ్ తాగలేక పక్కన పెడుతూ. "పడ్డది మనిషి మీద."

"తెలుసు."

"నిజం రాసినవు గద, ఎందుకు పరేషాన్?"

"సగమే రాసిన." సుమ మంచం అంచున కూర్చుంది, వెంటనే లేచింది. "ఇంకా మూడు రోజులున్నయి. శనివారం దాక ఎట్లన్న వంట మంచిగ కుదరాలె."

అక్కడి నుంచి ఆమె కాలు ఒకచోట నిలవలేదు. కడప అక్క ఇచ్చిన శనక్కాయల పొడి డబ్బా ఒడిలో పెట్టుకుని గురువారం బస్సెక్కింది. వంకాయలకు గాట్లు పెట్టి, పొడి కూరి, నీలి ఒక్కొక్కదాన్నీ నూనెలో పడుకోబెట్టినట్టు పేర్చింది. డెబ్బై నాలుగు మందికి గుత్తి వంకాయ ఏమిటని చంద్రమ్మ ఒకటే సణుగుడు. "పెండ్లికి గూడ గింత పని చెయ్యలే." సగం కాయలు విడిపోయి ముక్కల కూరే అయింది. అయినా గంజు ఖాళీ. శుక్రవారం శ్రీకాకుళం పిన్ని చెప్పినట్టు గుమ్మడికాయకు ఆవ పెట్టారు. నూరిన ఆవాల ఘాటుకు ముగ్గురికీ కళ్లల్లో నీళ్లు కారాయి. ఒకరి మొహం చూసి ఒకరు నవ్వుకున్నారు. రెండు రోజులూ పదకొండు గంటలకు సుమ తరగతి గదిలోంచి పరుగెత్తుకొచ్చి రుచి చూసేది. 'ఇంకో సగం పిడికిలి' అనేది. నీలి వేసేది. నీలి నాలుక సుమ నోట్లో ఉన్నట్టుండేది. అది సుమకు ఎంతమాత్రం నచ్చలేదు.

శుక్రవారం వెళ్తూ వెళ్తూ, మొహమాటం విడిచి అడిగేసింది. "నీలక్కా, నా రాతతోటి నీకు గిట్లయింది. తిట్టవేంది నన్ను?"

నీలి బూడిదతో గంజు రుద్దుతోంది. "ఉప్పు తక్కువుండె. తక్కువున్నదని రాసినవు. అబద్ధం రాసినోల్లనే తిట్టలేదు."

"మీ ఊళ్లె ఎట్ల వండుతరక్కా? దంతాలపల్లి దిక్కు? రేపు నీ తీరుదే వండుదాం."

"మాదేముంది టీచరమ్మా? ఆకులల్ల ఇంత పప్పు, ఇంత జొన్నపిండి. గది ఆఫీసరుకు పెడతరా ఎవలన్నా?" నీలి నవ్వింది. "నువ్వు పిన్ని చెప్పిందే పట్టుకరా. బెల్లమేసేది."

శనివారానికి తోటకూర పులుసు అనుకున్నారు. చింతపండు, బెల్లం, ఎండుమిర్చి పోపు. పక్కన ముద్దపప్పు. నీలి పొద్దున్నే గిర్నీలో పట్టించిన జొన్నపిండి సంచి ఇంటికి తీసుకుపోవడానికి తీరిక లేక, వంటగది మూలన పెట్టి పనిలో పడింది. బడి అంతా కాలు నిలవని హడావుడి. డేవిడ్ సార్ నల్లబల్ల మీద స్వాగతం రాసి, తుడిచి, మళ్లీ రాశాడు. సుమ పిల్లల గోళ్లు చూస్తూ, ముక్కులు తుడుస్తూ పదకొండు గంటలకు వంటగదికి పోలేకపోయింది. పదకొండున్నరకు పరుగున వెళితే నీలి లేదు. బోరింగు దగ్గర బిందె నింపుతోంది. పులుసు కుతకుత ఉడుకుతోంది. పక్క తరగతిలో ఎవరో ఏడుస్తున్నారు. నీలక్క చేతి ఉప్పు ఎప్పుడూ తక్కువే కదా అనుకుంది సుమ. డబ్బాలో చెయ్యి పెట్టి, ఒక పిడికెడు వేసి, కలిపి, పరుగెత్తింది.

పన్నెండుంబావుకు గేటు దగ్గర మోటారు సైకిలు ఆగింది. వెనక యాకయ్య బండి. సుమ వంటగదిలో అరచేతిలో పులుసు పోసుకుని నాకింది.

ఒట్టి ఉప్పు. చింతపండు లేదు, బెల్లం లేదు, తోటకూర లేదు. నాలుక ముడుచుకుపోయేంత ఉప్పు. తను వేసిన పిడికెడుకు ఇంత కాదు. ఏం జరిగి ఉంటుందో ఆలోచించే తీరిక లేదు. డెబ్బై నాలుగు కంచాలు వరుసలో కూర్చున్నాయి. గది గుమ్మంలో యాకయ్య నిలబడి ఉన్నాడు, రెండు చేతులూ తువ్వాలు కొసలు పట్టుకుని.

సుమ గంటె నిండా పులుసు తీసింది. ఈసారి గంటె వంచలేదు, బతిమాలలేదు. నీలి ఎదురుగా నిలబడి, "అక్కా, చెయ్యి పట్టు. నాతోటి గాదు. నాకు కరాబైందని తెలుస్తుంది, ఎట్ల బాగు చెయ్యాల్నో తెల్వదు," అంది.

నీలి యాకయ్యను చూసింది. పొయ్యిలో కట్టె చిటపటమంది. కొంగులోంచి కుడిచెయ్యి బయటికి వచ్చింది. అరచెయ్యి గుంటగా మారింది. సుమ పోసింది.

"ఏందే నీలీ," అన్నాడు యాకయ్య. "మల్ల మొదలువెట్టినవా?"

నీలి నాలుకతో అద్దుకుంది. కళ్లు మూసి, తెరిచింది. "మొదలువెట్టిన యాకన్నా," అంది యాకయ్య వైపు చూడకుండానే. "లేకుంటే పిల్లగాండ్లు ఉప్పునీళ్లు తాగాలె." తర్వాత వెనక్కి తిరిగి గట్టిగా అడిగింది: "ఎవలేసిండ్రు ఉప్పు?"

"నేను ఓ పిడికెడు," అంది సుమ.

"నేను గూడ ఏసిన," అంది చంద్రమ్మ కత్తిపీట వెనక నుంచి. "ఆఫీసరొస్తుండని బయమై."

గుమ్మం పక్క నుంచి చిన్న దగ్గు వినిపించింది. డేవిడ్ సార్. "నేను గూడ అమ్మా. నువ్వు బోరింగు కాడికి పోయినప్పుడు. చిన్న పిడికిలే."

నీలి ముగ్గురినీ మార్చి మార్చి చూసింది. తనదొకటి, అంతా కలిసి నాలుగు చేతుల ఉప్పు. మొహం మీదికి ఎన్నడూ చూడని ఒక చిరాకు వచ్చింది. తన వంటగదిలో తన గంజు ముట్టుకున్నవాళ్ల మీద ఏ ఇల్లాలికైనా వచ్చే చిరాకు. "జరుగుండ్రి," అంది.

ముద్దపప్పులో ఇంకా ఉప్పు పడలేదు. దించేముందే వేస్తుంది ఆమె. ఆ పప్పు గిన్నెను రెండు చేతులా ఎత్తి మొత్తం పులుసులోకి వంపింది. మూలనున్న సంచి విప్పి, రెండు దోసిళ్ల జొన్నపిండి నీళ్లలో కలిపి, ఉండ కట్టకుండా సన్నటి ధారగా పోసింది. "చంద్రీ, ఎల్లిపాయ దంచు. పొట్టు తియ్యకు." కట్టెలు ముందుకు తోసింది. గంటె అడుగంటా తిప్పింది. పలుచటి ఎర్ర పులుసు కళ్లముందే ఆకుపచ్చగా, చిక్కగా, బుడగలు పగిలే కూరగా మారింది. నీలి మళ్లీ చెయ్యి పట్టింది. రుచి చూసి, ఇన్ని నీళ్లు పోసింది. మళ్లీ చూసింది. వెల్లుల్లి పోపు చుయ్యిమని పడింది. గది నిండా వాసన.

పిల్లలు ఒక పావుగంట ఆలస్యంగా తిన్నారు. నరేశ్ సార్ వాళ్ల వరుసలోనే చివర కూర్చున్నాడు. చిన్నవాడు, పొద్దుటి నుంచి రెండు బళ్లు తిరిగి ఆకలి మీదున్నాడు. మొదటి ముద్ద మింగుతూనే రెండోది కలిపాడు. కూర మళ్లీ వేయించుకున్నాడు.

చేతులు కడుక్కుని ఆఫీసు గదిలో రిజిస్టరు తెరిచాడు. "సోమవారం ఉప్పు తక్కువని రాసింది మీరేనా మేడమ్? నిజమేనా?"

"నిజమే సార్. సగం నిజం." అంది సుమ. "ఆమెను ఆరేండ్ల సంది రుచి చూడనిస్తలేరు. చూడాల్సింది మేము. మేము చూడలే. ఆ సగం నేను రాయలే."

"వంటామె ఎంగిలి చేసుడు పద్ధతి గాదు సార్," అన్నాడు యాకయ్య. "టీచర్లు చూస్తున్నరని రాసే ఉన్నది. చూడుండ్రి, రోజూ సంతకాలున్నయి."

అప్పుడు డేవిడ్ సార్ లేచి నిలబడ్డాడు. రిజిస్టరు తన వైపు తిప్పుకుని, పేజీలు వెనక్కి తిప్పి, ఒక చోట వేలు పెట్టాడు. "ఇగో సార్. దసరా. బడే లేదు, కూర బాగుందని రాసిన. ఇగో, మే నెల. అన్నీ గిట్లనే. ఒక్కనాడు చుక్క నోట్లో ఏసుకోలే." ఆయన గొంతు ఎంత సన్నగా ఉందంటే, బయట కంచాల చప్పుడులో కలిసిపోతుందేమోనని అందరూ ముందుకు వంగారు. "రాసుకోండ్రి. ఏం చేస్తరో నన్ను చెయ్యుండ్రి."

నరేశ్ సార్ ఆ దసరా పేజీ మూల మడిచి పెట్టాడు. "మీ సంగతి తర్వాత చూద్దాం సార్," అన్నాడు. ఆ తర్వాత యాకయ్య వైపు తిరిగాడు. "వండేటామె నోరు కట్టేసి, వంట బాగలేదంటే ఎట్లయ్యా పెద్దమనిషీ? నీ అర్జీ నా దగ్గర ఉంటది. జవాబు నేనే రాస్త."

సుమకు రిజిస్టరు ఇచ్చాడు. ఆమె కొత్త పేజీలో స్కేలు పెట్టి ఒక గడి ఎక్కువ గీసింది. పైన 'వంట చేసినవారు' అని రాసింది. వాకిట్లోకి తీసుకుపోయి నీలికి కలం ఇచ్చింది. నీలి తడి చేతులు చీరకు తుడుచుకుని, గోడకు ఆనించి పెట్టి, తన పేరు రాసింది. వయోజన విద్యలో నేర్చిన రెండు అక్షరాలు. 'లి' మీది గుడి సుమ గీసిన గీత దాటి పోయింది.

యాకయ్య చూద్దాం, చూద్దాం అంటూ బండి ఎక్కి పోయాడు. వరండాలో కుడిపక్క పన్నెండు డబ్బాలు ఎప్పటిలాగే మూతలు పెట్టుకున్నాయి. ఒక్క డబ్బా కూడా తగ్గలేదు. సోమవారమైనా తగ్గుతాయో లేదో తెలియదు. రెండుసార్లు వెనక్కి చూసిన పాప ఇవాళ నాలుగుసార్లు చూసింది, అంతే.

బడి సద్దుమణిగింది. సుమ బస్సుకు ఇంకా అరగంట ఉంది. కల్యాణ్‌కు ఫోన్ చేద్దామని తీసి, ఏ మాటతో మొదలుపెట్టాలో తేలక మళ్లీ సంచిలో వేసింది. కాళ్లు వంటగది వైపే నడిచాయి.

నీలి తినడం అయిపోయింది. కంచం కడిగి బోర్లించి ఉంది. కానీ గంజు ఇంకా కడగలేదు. దాని ముందు పీట వేసుకుని, అడుగున అంటిన కూరను గంటెతో గీకి, అరచేతిలో వేసుకుంది. నాకింది. మళ్లీ గీకింది, మళ్లీ వేసుకుంది.

సుమ గుమ్మంలోనే ఆగింది. "ఏమైందక్కా? ఉప్పేమన్న మిగిలిందా?"

"ఉప్పు గాదు టీచరమ్మా. ఉప్పు గప్పుడే చూసిన." నీలి చెయ్యి చూసుకుంది. మధ్య వేలి కొసన ఒక ఆకు తునక అంటుకుని ఉంది. దాన్ని కూడా నోట్లో వేసుకుని, కళ్లు మూసుకుంది.

"గిది ఊకెనే."